బైపోలార్‌లో మిక్స్‌డ్ ఎపిసోడ్: దిగులూ దూకుడూ ఒకేసారి

బైపోలార్ అనే మానసిక జబ్బు పేరు వినగానే చాలామందికి ఉయ్యాల గుర్తొస్తుంది, కొన్నాళ్లు పైకి (మేనియా, అంటే అదుపు తప్పిన హుషారూ దూకుడూ), కొన్నాళ్లు కిందికి (డిప్రెషన్, అంటే దిగులు). సైకియాట్రిస్టుగా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం ఆ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి కనిపించే రోజులు, అదే మిక్స్‌డ్ ఎపిసోడ్. వీటి మీద వినే అపోహలకూ కొదవలేదు.

అపోహ: మేనియా, డిప్రెషన్ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని మనిషి మామూలుగా ఉంటాడు.

లెక్కల్లో అయితే ప్లస్సూ మైనస్సూ కలిసి సున్నా అవుతుందేమో, ఇక్కడ అవ్వదు. డిప్రెషన్‌లోని నిరాశ, తప్పు చేశానన్న భావన అలాగే ఉంటాయి, వాటికి మేనియాలోని వేగం తోడవుతుంది. నాలుగు రోజులుగా సరిగా నిద్ర లేదు, అయినా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉంటారు, బుర్రలో ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి, వచ్చినవన్నీ "నేనెందుకూ పనికిరాను" దగ్గరికే చేరతాయి. చిన్న మాటకే అంతెత్తున లేస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరనుకుంటారు.

అపోహ: పొద్దున ఏడ్చి సాయంత్రం నవ్వితే మిక్స్‌డ్ ఎపిసోడే.

కాదు. మూడ్ మారడం అందరికీ ఉంటుంది. ఇది రోజుల తరబడి, రోజులో ఎక్కువ భాగం ఉండే స్థితి.

అపోహ: ఇదేదో ఈమధ్య పుట్టించిన కొత్త పేరు.

జర్మన్ వైద్యుడు వైగాంట్ దీనిమీద 1899లోనే పుస్తకం రాశాడు, ఆయన గురువు క్రేపెలిన్ ఇందులో ఆరు రకాలు చెప్పాడు. మారింది కొలత. మేనియా, డిప్రెషన్ రెండింటి లక్షణాలూ పూర్తిగా ఉంటేనే మిక్స్‌డ్ అనాలని, మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పాత అమెరికన్ మాన్యువల్ పట్టుబట్టేది. 2013లో వచ్చిన దాని కొత్త కూర్పు డీఎస్ఎమ్-5 ప్రకారం ఒకటి పూర్తిగా ఉండి, రెండోదాని లక్షణాలు కనీసం మూడు కలిస్తే చాలు. నా దృష్టిలో ఇదే నయం, అంత నిండుగా రెండూ ఉన్నవాళ్లు అరుదు.

అపోహ: ఏడుస్తున్నారు కదా, డిప్రెషన్ మందు ఇస్తే సరిపోతుంది.

అసలు దెబ్బ తినేది ఇక్కడే. పేషెంటు దిగులు గురించే చెబుతారు, మనం ఆగని ఆలోచనల గురించి అడగం. ఈ స్థితిలో యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే గాభరా, నిద్రలేమి ఇంకా పెరగొచ్చు. అందుకే గతంలో నిద్ర తగ్గినా అలుపు లేకుండా హుషారుగా గడిపిన రోజులున్నాయా, కుటుంబంలో ఎవరికైనా బైపోలార్ ఉందా అని అడుగుతాం, వీలైతే ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడతాం. ఇది చదివి వాడుతున్న మందు మీరే ఆపేయకండి, డాక్టరుతో మాట్లాడండి. చికిత్సలో ఓలాంజపిన్, క్వెటియాపిన్, వాల్‌ప్రోయేట్, లిథియం లాంటివి వాడతాం. వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి పిల్లలు కనే వయసు ఆడవాళ్లకు వీలైనంతవరకు ఇవ్వం, లిథియానికి రక్తపరీక్షలు తప్పవు. మందులకు లొంగకపోతే ఈసీటీ (తలకు కొద్దిగా కరెంటు ఇచ్చే చికిత్స) బాగా పనిచేస్తుంది, సినిమాల్లో చూపించినట్టు ఉండదు, మత్తు ఇచ్చే చేస్తారు.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

అడిగినందువల్ల పుట్టదు. మామూలు డిప్రెషన్‌లో కొందరికి మంచం దిగే ఓపిక కూడా ఉండదు, ఇక్కడ నిరాశతో పాటు ఓపికా తొందరపాటూ ఉంటాయి, ప్రమాదమంతా అందులోనే ఉంది. సూటిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి, మందుల డబ్బాలు చేతికందకుండా పెట్టండి, అపాయింట్‌మెంట్ వచ్చే వారమే కదా అని ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అక్కడ ఏడుపు సంగతితో పాటు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా చెప్పండి.