టైలు పగిలింది సరే, కింద ఏం జరిగింది?

వైట్‌ఫీల్డ్ నుంచి ఒకావిడ ఫొటోలు పంపారు. వాళ్లబ్బాయి మ్యూనిక్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. నేల కింద వేడినీళ్ల పైపులు నడిపి ఇల్లంతా వెచ్చగా ఉంచే ఏర్పాటట. రెండో చలికాలానికే హాల్లో టైల్స్ మీద పొడుగాటి గీత పడింది. "వేడికి పగిలాయా, లేక నాసిరకం టైల్సా?" అని ప్రశ్న. ఆవిడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అప్పటికే తీర్పు వచ్చేసిందట: అగ్ని ఆగ్నేయంలో ఉండాలి గానీ, ఎనిమిది దిక్కులా పరిస్తే నేల ఊరుకుంటుందా అని!

ఫొటోలో నన్ను పట్టేసింది ఆ గీత నడిచిన తీరు. వంటగది వైపు గోడ మలుపు తిరిగే మూల దగ్గర మొదలైంది. ఒక టైలు మధ్యలోంచి వెళ్లి, టైల్స్ సందుల్లో నింపే గ్రౌటు దాటి, పక్క టైల్‌ని కూడా అదే వరసలో చీల్చుకుంటూ పోయింది. జాయింట్లను అసలు లెక్కే చేయలేదు. నాసిరకం టైలైతే అదొక్కటే పగలాలి. గిన్నె జారిపడితే దెబ్బ తగిలిన చోటునుంచి నక్షత్రంలా చీలికలు వస్తాయి. నాలుగైదు టైల్స్ ఒకే గీతలో పగిలాయంటే, ఆ గీత టైల్స్‌ది కాదు. కింద పరిచిన సిమెంటు పొరది, అంటే బెడ్డుది.

మరి వేడి సంగతి? లెక్క వేద్దాం. సిమెంటు బెడ్డు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు దాదాపు 10 మైక్రాన్లు సాగుతుంది, విట్రిఫైడ్ టైలు 6 వరకు. తేడా 4. నేల 15 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే మీటరుకు 60 మైక్రాన్లు, అంటే 0.06 మిల్లీమీటరు. బెడ్డు టైల్‌ని ఆ మేరకు లాగుతుంది. టైలు తెగాలంటే మీటరుకు సుమారు అర మిల్లీమీటరు సాగాలి. ఎనిమిదో వంతు కూడా రాలేదు. పైగా ఈఎన్ 1264 అనే యూరోపియన్ ప్రమాణం ప్రకారం మనుషులు తిరిగే చోట నేల పైభాగం 29 డిగ్రీలు దాటకూడదు. చెన్నైలో మే నెల మధ్యాహ్నం మేడ మీద పరిచిన టైల్స్ దీన్ని చూసి నవ్వుకుంటాయి.

మన బడుల్లో వ్యాకోచం అనగానే రైలు పట్టాల మధ్య ఖాళీ చెప్పి పాఠం ముగిస్తారు. ఇప్పుడు చాలా లైన్లలో ఆ ఖాళీలే లేవు, కిలోమీటర్ల కొద్దీ వెల్డింగ్ చేసేశారు. ఎంత సాగింది అని అడిగితే సగం ప్రశ్నే. ఆ సాగుదలని ఎంత పొడవు పంచుకుంది అన్నది మిగతా సగం. మన టైలు కథంతా ఆ రెండో సగంలోనే ఉంది.

రెండు లావుపాటి పుస్తకాలు బల్ల మీద పక్కపక్కన ఆనించి పెట్టండి. వాటి మీద అడ్డంగా ఒక న్యూస్‌పేపర్ పట్టీ అంటించండి, జిగురు పుస్తకాల అంచులదాకా రాసి. ఒక పుస్తకాన్ని వెంట్రుకవాసి జరిపితే చాలు, పేపరు సరిగ్గా సందు మీదే చిరుగుతుంది. ఇప్పుడు ఇంకో పట్టీ తీసుకుని, సందుకు అటూ ఇటూ నాలుగేసి వేళ్ల మేర జిగురు రాయకుండా అంటించండి. మళ్లీ అంతే దూరం జరపండి. చిరగదు. జరిగిన దూరమూ అంతే, కాగితమూ అదే. మొదటిసారి ఆ జరుగుడంతా మిల్లీమీటరు మేర కాగితం మీద పడింది, రెండోసారి జానెడు కాగితం పంచుకుంది.

టైలు దగ్గరా ఇదే. బెడ్డులో 0.2 మిల్లీమీటరు చీలిక తెరుచుకుంటే, దాన్ని తెగకుండా భరించడానికి టైల్‌కి 40 సెంటీమీటర్ల పొడవు కావాలి. గట్టి గమ్‌తో బాగా అంటించిన టైల్‌కి చీలిక మీద దొరికేది అయిదారు మిల్లీమీటర్లే. అంటే దాని మీద పడే లాగుడు, అది భరించగలిగినదానికి డెబ్బై, ఎనభై రెట్లు! ఇక్కడో తమాషా ఉంది. మేస్త్రీ ఐదు చోట్ల గమ్ ముద్దలు పెట్టి హడావిడిగా అతికించిన టైలు ఈ చీలికకి బతికిపోవచ్చు, ఎందుకంటే కింద డొల్ల. అదే టైలు మీద మంచం కోడు పెడితే పుటుక్కుమంటుంది. అందుకే టైలుకీ బెడ్డుకీ మధ్య డీకప్లింగ్ పొర, అంటే రెంటినీ విడిగా కదలనిచ్చే పొర వేస్తారు. అది పుస్తకాల సందు దగ్గర జిగురు రాయకపోవడం లాంటిదే, కాకపోతే బరువు మోస్తుంది. ఒక పుస్తకాన్ని పక్కకి జరపకుండా పైకి ఎత్తితే మాత్రం రెండో పట్టీ కూడా లేచిపోతుంది. బెడ్డు ఒకవైపు ఎత్తయితే ఏ పొరా కాపాడలేదు.

బెడ్డుని చీల్చిందెవరు? ఎండటం. సిమెంటు బెడ్డు ఆరేకొద్దీ మీటరుకు అర మిల్లీమీటరు వరకు కుంచించుకుపోతుంది. ఆరు మీటర్ల హాల్లో అది మూడు మిల్లీమీటర్లు. గోడ మలుపు మూలలో ఆ లాగుడంతా పోగవుతుంది. పైపుల వేడి ఈ ఎండటాన్ని తొందరపెడుతుంది. అందుకే ఇందాకటి ఈఎన్ 1264 ప్రమాణమే, బెడ్డు వేశాక 21 రోజులు ఆగి, 25 డిగ్రీల నీళ్లతో మూడు రోజులు, తర్వాత డిజైన్ చేసిన గరిష్ఠ వేడితో నాలుగు రోజులు నడపమంటుంది. పగిలేదేదో టైల్స్ వేయకముందే పగలాలి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడితే మన దగ్గరైనా, మ్యూనిక్‌లోనైనా ముందు ఎగిరిపోయేది ఈ నాలుగు వారాలే.

బెంగళూరులో రివర్స్. జనవరి రాత్రి ఢామ్మని శబ్దం వచ్చి, హాలు మధ్యలో రెండు టైల్స్ గుడారంలా లేస్తాయి. భూకంపమని టెన్షన్ పడ్డవాళ్లూ ఉన్నారు. చల్లబడ్డ కాంక్రీటు టైలు కన్నా ఎక్కువ కుంచించుకుంటుంది, పైగా కొత్త స్లాబు ఏళ్ల తరబడి ఎండుతూ కుదించుకుంటూనే ఉంటుంది. టైల్స్ మధ్య సందు ఉంచే స్పేసర్లు పెట్టకుండా, గోడ నుంచి గోడకి బిగించేసిన టైల్స్ నలుగుతాయి. నొక్కితే టైలు అంత సులువుగా పగలదు. పోవడానికి దారి లేక పైకి లేస్తుంది. వాళ్లకి లాగుడు, మనకి నొక్కుడు.

ఇక ఆ అబ్బాయి చేయాల్సింది. గీత మీద అడ్డంగా ఒక పల్చటి గాజు పలకని ఆరల్డైట్‌తో రెండు చివరలా అంటించాలి. పాత ఇంజినీర్ల పద్ధతి ఇది. హీటింగ్ వేసీ ఆపీ ఒక చలికాలం గడిచినా గాజు పగలకపోతే చీలిక నిద్రపోయినట్టే, టైల్స్ మార్చుకోవచ్చు. పగిలితే ఎన్ని టైల్స్ మార్చినా మళ్లీ అక్కడే పగులుతాయి. అప్పుడు ఆ వరసలో బెడ్డుదాకా కోసి, సాగే సీలెంట్‌తో జాయింటు చేయించాలి. గోడ అడుగున అంటించిన స్కర్టింగ్ పట్టీ తీసి, బెడ్డుకీ గోడకీ మధ్య ఫోమ్ పట్టీ ఉందో లేదో కూడా చూడాలి. కనీసం 5 మిల్లీమీటర్లు జరగడానికి వీలుండాలి. చాలాచోట్ల అక్కడ గ్రౌటు నింపేసి ఉంటుంది.

కోసేముందు పైపులెక్కడున్నాయో తెలియాలి, లేకపోతే హాల్లో ఫౌంటెనే. థర్మల్ కెమెరా అద్దెకి దొరుకుతుంది. అది లేకపోతే నేల బాగా చల్లబడ్డాక తడిగుడ్డతో తుడిచి హీటింగ్ వేయమనండి. ముందుగా ఆరిన చారల కిందే పైపులు ఉంటాయి. ఆరేలోపే వాటిని చాక్‌పీసుతో గీసుకోవాలి.