జపనీస్ నేర్చుకోవాలంటే సుషీ తినాల్సిన పనిలేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

జపాన్‌లో ఉద్యోగం ఖాయమై వీసా కోసం చూస్తున్నవాళ్లకు, ఇప్పటికే అక్కడ ఉంటూ భాష దగ్గర ఇబ్బంది పడుతున్నవాళ్లకు జపనీస్ నేర్పడం నా వృత్తి. మా క్లాసులో వ్యాకరణం కంటే ముందు తిండి కబుర్లు మొదలవుతాయి. కొత్త దేశంలో దిగిన మనిషి బ్యాంకుకు నెలకోసారి వెళ్తాడేమో గానీ, తిండి కోసం మాత్రం మొదటి రోజు నుంచే ఎవరో ఒకరితో మాట్లాడి తీరాలి. అవే ప్రశ్నలు, అవే జవాబులు, రోజూ. ప్రాక్టీసుకు ఇంతకంటే ఏం కావాలి? అయినా ఈ పద్ధతి గురించి చెప్పగానే కొన్ని అనుమానాలు తప్పకుండా వస్తాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: తిండితో భాష అంటే వంటకాల పేర్లు బట్టీ పట్టడమే

పేర్లు తెలిసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. మెనూలో ఫోటోలుంటాయి, వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది. చిక్కంతా ఎదుటివాళ్లు అడిగే ప్రశ్నల దగ్గరే. మనం అనాల్సిన వాక్యాన్ని దారి పొడవునా అనుకుంటూ వెళ్తాం. వాళ్లు ఏమంటారో మాత్రం ఎవరూ ప్రాక్టీసు చేయరు.

కొన్‌బిని సంగతే తీసుకోండి. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే చిన్న షాపు. భోజనం డబ్బా ఒకటి పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లారో లేదో, గబగబా మూడు ప్రశ్నలు వచ్చిపడతాయి. "ఒబెంతో అతతమెమస్ క?" అంటే డబ్బా వేడి చేయమంటారా అని. "రెజిబుకురొ వ గొరియో దెస్ క?" అంటే సంచీ కావాలా అని. "ఒహషి ఒత్సుకె షిమస్ క?" అంటే తినడానికి పుల్లలు పెట్టమంటారా అని. 2020 జులై 1 నుంచి జపాన్‌లో ప్లాస్టిక్ సంచీలకు డబ్బు తీసుకోవడం తప్పనిసరి చేశారు. అందుకే ఆ సంచీ ప్రశ్న మిమ్మల్ని వదిలిపెట్టదు.

కొత్తవాళ్లు మూడింటికీ తలూపి "హై" అనేస్తారు, వద్దనుకున్న సంచీకి కూడా డబ్బులు కట్టి వస్తారు. నిజానికి రెండు జవాబులతో పని జరిగిపోతుంది. కావాలంటే "ఒనెగైషిమస్", వద్దంటే "దైజోబు దెస్". దైజోబు అంటే 'బాగానే ఉంది' అని పాఠంలో చదివినవాళ్లు ఇక్కడ తికమకపడతారు. ఇంకో గరిటె వడ్డించబోతే "పర్లేదండీ" అంటూ మనం విస్తరికి చెయ్యి అడ్డం పెడతాం కదా, ఆ పర్లేదే ఇది.

క్లాసులో ఇద్దరిని నిలబెట్టి ఒకరిని షాపు మనిషిని చేస్తాను. ప్రశ్నల వరుస ప్రతిసారీ మార్చాలి, రూలు అదొక్కటే. వరుస మారకపోతే వినకుండానే జవాబు చెప్పేస్తారు.

అపోహ: హోటల్లో వాళ్లు వాడే మర్యాద భాషంతా మనకూ రావాలి

వినడానికి రావాలి, అనడానికి అక్కర్లేదు. లోపలికి అడుగు పెట్టగానే "నన్‌మేసమ దెస్ క?" అంటారు. ఎంతమంది వచ్చారండీ అని. వచ్చింది ఇద్దరైతే "ఫుతరి దెస్" అనండి, చాలు. విన్నదాన్నే తిరిగి అప్పజెప్పి "నిమేసమ దెస్" అన్నారంటే, మీకు మీరే 'గారు' తగిలించుకున్నట్టు.

అపోహ: ఇంగ్లిష్ బాగా వస్తేనే జపనీస్ వస్తుంది

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మార్కెట్లో దొరికే పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి, నిజమే. కానీ జపనీస్ వాక్యం నడిచే తీరు తెలుగు వాక్యానికి దగ్గర, ఇంగ్లిష్‌కు కాదు. క్రియ చివర్లో వస్తుంది, విభక్తి పదం వెనకాల వస్తుంది. అంతవరకు చాలామందికి తెలుసు. అసలు మజా ఆ తర్వాత ఉంది.

ఇంటికొచ్చినవాళ్లతో "కొంచెం తిని చూడండి" అంటాం. జపనీస్‌లో "తబెతె మితె కుదసై". తబెతె అంటే తిని, మితె కుదసై అంటే చూడండి. ముక్కకు ముక్క సరిపోయింది. సాయంత్రానికి పనికొస్తుందని ముందే "వండి పెట్టాను" అంటాం. అక్కడ "త్సుకుత్తె ఒకిమషిత", ఇందులో రెండో ముక్కకు అసలు అర్థం కూడా పెట్టడమే. "బాగుందని అన్నారు" అనడానికి "ఒయిషీ తొ ఈమషిత". మన 'అని' ఉండేచోట వాళ్ల 'తొ' ఉంటుంది. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేవాళ్లు వీటిని ఒక్కొక్క సూత్రంగా కూర్చుని చదవాలి. మీరు ఇంట్లో వంట చేస్తూ తెలుగులో అనుకునే మాటల్లోనే ఇవన్నీ ఉన్నాయి.

ఉచ్చారణలోనూ మనకు కలిసొచ్చేది ఉంది. "బిరు" అంటే భవనం, "బీరు" అంటే మన బీరే. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే పోస్టల్ స్టాంపు. పొట్టి పొడుగులు, ద్విత్వాలు తెలుగువాళ్ల నోటికి చిన్నప్పుడే అలవాటు. 'త్సు' పలకలేక అవస్థపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, చలి, చుట్టం అనే మాటలు మీ అమ్మమ్మ గారి చేత పలికించి వినండి. ఆ చకారం దానికి బాగా దగ్గర. జడ, జామకాయలో జకారం కూడా అంతే, చల్లగా తినే "జరుసొబ" నూడుల్స్‌ను అడగడానికి సరిగ్గా అదే కావాలి. సిటీలో పెరిగిన పిల్లల నోట ఈ రెండూ పోతున్నాయి, అది వేరే గొడవ.

అలాగని అన్నీ కలవవు. తెలుగులో 'తిన్నాను' అంటే నేను, 'తిన్నాడు' అంటే వాడు, క్రియే చెప్పేస్తుంది. జపనీస్‌లో ఎవరు తిన్నా "తబెమషిత" ఒక్కటే, పైగా నేను, నువ్వు అనే మాటలు వీలైనంత వదిలేస్తారు. మధ్యాహ్నం ఆఫీసులో పక్కసీటు ఆయన "మో తబెమషిత క?" అంటే మీరు తిన్నారా అని అడుగుతున్నట్టు. అక్కడ లేని మూడో మనిషి గురించి అడిగినా వాక్యం అదే ఉండొచ్చు. ఇది పుస్తకంతో రాదు. మాటల మధ్య కూర్చుంటేనే పట్టుబడుతుంది.

అపోహ: నేను శాకాహారిని, జపాన్ తిండితో నాకేం పని

నేను చూసినంతలో అందరికంటే త్వరగా మాట నేర్చేది వీళ్లే. మాంసాహారి వేలుతో చూపించి తిని వచ్చేస్తాడు. శాకాహారి నోరు విప్పక తప్పదు.

ముందు విషయం తెలియాలి. మిసో సూప్, ఉదొన్ నూడుల్స్, కూరగాయల పులుసు, వీటన్నిటికీ ఆధారం దషి అనే రసం. సముద్రపు నాచు కొంబుతోనూ, ఎండబెట్టి తురిమిన చేప కత్సుఒబుషితోనూ ఎక్కువగా దాన్ని చేస్తారు. గిన్నెలో చేపముక్క కనపడదు కాబట్టి, వండినవాళ్ల లెక్కలో అది చేపల వంట కాదు. "బెజితరియన్ దెస్" అని చెప్పి నిశ్చింతగా కూర్చుంటే కత్సుఒబుషి చల్లిన ఆకుకూర రావచ్చు. 'నికు (మాంసం) వద్దు' అన్నా, ఆ మాట విని హామ్, బేకన్ లెక్కలోకి తీసుకోనివాళ్లు ఉంటారు. కాబట్టి మీరెవరో చెప్పుకోవడం మాని, గిన్నెలో ఏముందో అడగండి: "కొరె, సకన నొ దషి హైత్తె ఇమస్ క?" ఇందులో చేపల దషి ఉందా అని. ఎదుటి మనిషి ఆగి, లోపలికెళ్లి అడిగి వచ్చి, వివరంగా ఏదో చెప్తారు. మీకు కావాల్సిన వినికిడి ప్రాక్టీసు ఆ వివరంలోనే ఉంది.

సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ తిరగేస్తే చదివే ప్రాక్టీసు. అలర్జీ వివరాల్లో గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత లాంటివి రాసి తీరాలని చట్టం. గొడ్డు, కోడి, పంది మాంసాల విషయంలో అది సిఫార్సు మాత్రమే. అందుకని ఆ చిన్న డబ్బా గడిని నమ్ముకోకుండా ముడిసరుకుల వరుస మొత్తం చదవాలి. పోకు ఎకిసు, చికిన్ ఎకిసు, జెరచిన్ లాంటివి విదేశీ మాటలు రాసే కతకన లిపిలో ఉంటాయి, ఆ లిపి వస్తే పట్టేయొచ్చు. దానికి తోడు ఆవు, పంది, కోడి, చేప అనే నాలుగు కంజీలు (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) నేర్చుకోండి. బంగాళదుంప, క్యారెట్ బొమ్మ వేసిన కరీ డబ్బాలో కూడా పశువుల కొవ్వు ఉండొచ్చు.

ఒక్కసారైనా బౌద్ధుల షోజిన్ ర్యోరి రుచి చూడండి. మాంసం, చేప రెండూ ఉండవు, దషి కూడా కొంబు, షీతకె పుట్టగొడుగులతోనే. కోయసన్ కొండ మీద మఠాల్లో బస చేస్తే ఈ భోజనమే పెడతారు.

అపోహ: ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మర్యాదగా, నిశ్శబ్దంగా వినాలి

వాళ్లు చెప్తుంటే మీరు కదలకుండా కూర్చుంటే, అర్థం కాలేదేమోనని వాళ్లకు టెన్షన్. మనం కథ చెప్పించుకుంటూ ఊఁ కొట్టినట్టే అక్కడా కొట్టాలి. హై (ఆఁ), సో దెస్ నె (అవునండీ), నరుహొదొ (ఓహో, అలాగా). హై అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నానని అంతే. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

అపోహ: మన వంటల గురించి వాళ్లతో ఏం మాట్లాడతాం

"మైనిచి కరే ఒ తబెమస్ క?" రోజూ కర్రీ తింటారా? ఇండియా నుంచి వెళ్లిన ప్రతి ఒక్కరినీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. కొందరికి చిరాకేస్తుంది. నాకైతే ఇంత మంచి అవకాశం ఇంకోటి లేదనిపిస్తుంది. అడిగే ప్రశ్న ముందే తెలుసు, జవాబు ఇంట్లో తయారు చేసుకుని వెళ్లొచ్చు.

కరే రైసు వాళ్లింట్లో పిల్లలు ఇష్టంగా తినే మామూలు వంట. మేజీ చక్రవర్తి కాలంలో (1868–1912) బ్రిటిష్‌వాళ్ల ద్వారా వచ్చింది. మన పద్ధతి కూరను టోక్యోలో అమ్మించిన ఘనత మాత్రం విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్‌ది. బ్రిటిష్ ప్రభుత్వం నుంచి తప్పించుకుని జపాన్ చేరిన ఆయనకు షింజుకులో నకమురయ అనే బేకరీ యజమానులు ఆశ్రయమిచ్చారు, తర్వాత వాళ్ల అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. 1927లో ఆ షాపులో ఇండియన్ కర్రీ మొదలైంది, ఇప్పటికీ అమ్ముతున్నారు. ఈ కథ మూడు వాక్యాల్లో చెప్పడం వస్తే భోజనాల బల్ల దగ్గర మీకు మాటల కరువుండదు.

ఆ తర్వాత ఆవకాయ. "మంగో నొ త్సుకెమొనొ దెస్. కరకుతె సుప్పై దెస్." మామిడి ఊరగాయ, కారంగా పుల్లగా ఉంటుంది. వెంటనే వాళ్లు ఉమెబొషి గురించి ఎత్తుకుంటారు. పుల్లటి ఉమె కాయల్ని ఉప్పులో ఊరేసి ఎండబెట్టేది. ఎవరింట్లో ఎన్నాళ్లు ఊరేస్తారు, ఎప్పుడు ఎండబెడతారు, అలా మాట సాగుతుంది. సీసా ఇచ్చేముందు కారం సంగతి గట్టిగా చెప్పండి. అక్కడ డబ్బా మీద కరకుచి, అంటే బాగా కారం అని రాసి ఉన్న కర్రీ కూడా మన నాలుకకు చప్పగానే ఉంటుంది.

అపోహ: కరికరి, సకుసకు లాంటివి చిన్నపిల్లల మాటలు

పెద్దవాళ్లు, వంట కార్యక్రమాలు, చిప్స్ ప్యాకెట్లు అందరూ వాడేవే. బాగా వేగింది కరికరి, కొరకగానే తేలిగ్గా విరిగేది సకుసకు, నత్తో సోయా గింజల్లో తీగ సాగే జిగట నెబనెబ. బెండకాయ కూడా నెబనెబే, దాన్ని వాళ్లు ఒకుర అంటారు. కరకరలాడే జంతికలు తిని పెరిగినవాళ్లకు వీటిని విడమరిచి చెప్పాలా?

అపోహ: ఎన్ త్రీ పాసైతే మాట్లాడటం దానంతటదే వస్తుంది

ఎన్ త్రీ అంటే జపనీస్ సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో మధ్య స్థాయి. ఆ పరీక్షలో మాట్లాడే భాగమే లేదు. 1984లో మొదలైంది, 2010 నుంచి ఐదు స్థాయిలు, అన్నింటిలోనూ సరైన జవాబు గుర్తించడమే. సర్టిఫికెట్ కావాలి, కాదనను. 2019లో వచ్చిన తొకుతే గినో (నిర్దిష్ట నైపుణ్యం) వీసా మీద హోటల్ పనికి వెళ్లాలన్నా ఎన్ ఫోర్ గానీ జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో భాషా పరీక్ష గానీ పాసైనట్టు చూపించాలి. మాట కోసం మాత్రం విడిగా కష్టపడాలి. అనిమే (జపాన్ కార్టూన్లు) చూసి నేర్చుకుంటామంటారా? చెవికి మంచిదే. తినడాన్ని "కూ" అనీ, తనను తాను "ఒరె" అనీ హీరో అన్నట్టు ఆఫీసులో మీరంటే మాత్రం బాగోదు.

అపోహ: జపాన్ వెళ్తేగానీ ప్రాక్టీసు కుదరదు

విజయవాడలో మీ వంటింట్లోనే మొదలుపెట్టొచ్చు. ఉల్లిపాయ కోస్తూ "తమనెగి ఒ కిరిమస్", నూనె పోస్తూ "అబుర ఒ ఇరెమస్" అని పైకే అనండి. తర్వాత జపనీస్ వంటల వీడియో ఒకటి పెట్టి, కొలతలు మాత్రమే రాసుకోండి. ఓసజి అంటే 15 మిల్లీలీటర్ల చెంచా, కొసజి 5 మిల్లీలీటర్లది, బియ్యం కొలిచే ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు. అంకెలు చెవికి అలవాటవుతాయి.

అక్కడికి వెళ్లాక షాపు ఎంచుకోవడంలో కొంచెం జాగ్రత్త. గుమ్మంలో టికెట్ మెషీన్ ఉన్న రామెన్ షాపుల్లో, ట్యాబ్లెట్‌తో ఆర్డర్ తీసుకునే పెద్ద హోటళ్లలో నోరు విప్పకుండానే భోజనం అయిపోతుంది. కౌంటర్ ముందు ఏడెనిమిది కుర్చీలుండి, భార్యాభర్తలే నడుపుకునే చిన్న షాపు చూసుకోండి. పన్నెండింటికి వెళ్తే రద్దీలో ఎవరూ మాట్లాడరు, రెండు దాటితే చాలాచోట్ల సాయంత్రం దాకా మూసేస్తారు. ఒంటిగంటన్నరకు వెళ్లి, "ఒసుసుమె వ నన్ దెస్ క?", ఇవాళ ఏం బాగుంటుంది, అని అడగండి.