సప్లయర్ దగ్గర వెతికే తప్పు మన పర్చేజ్ ఆర్డర్‌లోనే ఉండొచ్చు: బాధ్యతాయుత కొనుగోళ్లపై అపోహలు - వాస్తవాలు

గుంటూరులో మిర్చి ప్రాసెస్ చేసి ఎగుమతి చేసే ఒక పెద్ద కంపెనీలో కొనుగోళ్ల విభాగం చూస్తున్నాను. యార్డు నుంచి వచ్చే సరుకు, కోల్డ్ స్టోరేజీల పక్కన షెడ్లలో తొడిమలు తీయించే కాంట్రాక్టర్లు, విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చే అట్టపెట్టెలు, లారీల కిరాయి, అన్నీ మా చేతుల మీదుగానే నడుస్తాయి. బాధ్యతగా కొనాలన్న మాట ఈ మధ్య మా రంగంలో గట్టిగానే వినిపిస్తోంది. సంతోషమే. అయితే తప్పంతా సప్లయర్ దగ్గరే ఉంటుందనీ, దాన్ని కనిపెట్టడమే మన పని అనీ ఒక నమ్మకం పాతుకుపోయింది. నేను చూసినంతలో చాలా తప్పులు మనం ఇచ్చే ఆర్డర్‌లోనే మొదలవుతాయి. రేటు, గడువు, పేమెంట్, ఈ మూడింటి దగ్గర.

అపోహ: ఆడిట్ పాసైన సప్లయర్ గురించి ఇక టెన్షన్ అక్కర్లేదు.

2012 సెప్టెంబరు 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా కార్మికులు చనిపోయారు. కిటికీలకు ఇనుప ఊచలు, బయటపడే దారులకు తాళాలు. అంతకు మూడు వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. కార్మికుల భద్రత, హక్కులు సక్రమంగా ఉన్నాయని చెప్పే సర్టిఫికెట్ అది.

మన ఊళ్లో సంగతికొస్తే, తొడిమలు తీసే షెడ్డు చూడండి. లోపల అడుగుపెట్టగానే ఘాటుకు తుమ్ములు మొదలవుతాయి. ఆడవాళ్లు పట్టాలు పరుచుకుని, మిర్చి కుప్పల ముందు కూర్చుని, ఒక్కో కాయకూ తొడిమ తుంచి పక్కన వేస్తుంటారు. కూలి కిలోల లెక్కన. మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, తల్లి పేరు ఒక్కటే ఉంటుంది. పక్కన కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల తుంచిన కాయలు కూడా తల్లి తూకంలోనే పడతాయి. మస్టర్ మాత్రమే చూసే ఆడిటర్‌కు ఆ పిల్ల ఎప్పటికీ కనపడదు. "ఊరికే వాళ్లమ్మకు తోడుగా వచ్చిందండీ" అంటాడు మేస్త్రి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి అయ్యాకో, సెలవుల్లోనో సొంత కుటుంబం నడుపుకునే పనిలో సాయం చేయడానికి మినహాయింపు ఉంది గానీ, కాంట్రాక్టర్ షెడ్డు దాని కిందికి రాదు.

అందుకే నేను మస్టర్ కంటే ముందు తూకం పుస్తకం అడుగుతాను. ఒకే మనిషి పేరు మీద ఆదివారాల్లో, బడి సెలవుల్లో కిలోలు అమాంతం పెరిగాయంటే ఆ పేరు వెనక రెండో జత చేతులు ఉన్నాయేమోనని అనుమానించాలి.

అది తెలిశాక కాంట్రాక్టర్‌కు నోటీసు ఇచ్చేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. కిలోకు ఇచ్చే రేటుతో ఒక మనిషి రోజంతా కూర్చున్నా కనీస వేతనం గిట్టకపోతే పిల్ల పనికి రాక తప్పదు. ఆ రేటు పెట్టింది కాంట్రాక్టర్ కాదు, టెండర్‌లో అందరికంటే తక్కువ కోట్ చేసినవాణ్ణి ఎంచుకున్న మనం. ఎనిమిది గంటల్లో మామూలు చేయి ఎన్ని కిలోలు తీయగలదో షెడ్డులో కూర్చుని కొలిచి, కనీస వేతనాన్ని దానితో భాగిస్తే కిలోకు పడాల్సిన కూలి తెలుస్తుంది. కాంట్రాక్టర్ ఖర్చులు, లాభం దానిపైన కలపాలి. అంతకంటే తక్కువకు ఎవరు కోట్ చేసినా పక్కన పెట్టాలి. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా, అంటే పని చేయించుకునే అసలు యజమానిగా, చట్టప్రకారం కట్టాల్సింది ఎలాగూ కంపెనీయే.

అపోహ: నాణ్యత రైతు బాధ్యత. ల్యాబ్‌లో ఫెయిలైతే వెనక్కి పంపేస్తే చాలు.

యూరప్‌కు వెళ్లే ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. సరిగా ఆరని కాయ మీద పెరిగే బూజు వల్ల వచ్చే విషం అది. మరపట్టినా, కూరలో ఉడికించినా పూర్తిగా పోదు. కాబట్టి దాన్ని ఆపాల్సిన చోటు కల్లం.

మరి కల్లంలో రైతు ఎందుకు పూర్తిగా ఆరబెట్టడు? లెక్క వేసి చూడండి. 14 శాతం తేమ ఉన్న క్వింటా మిర్చిని 10 శాతానికి ఆరబెడితే బరువు 95.6 కిలోలకు దిగుతుంది. అంటే జాగ్రత్తగా ఆరబెట్టినవాడికి క్వింటాకు నాలుగు కిలోల పైచిలుకు డబ్బు పోయినట్టే. పైగా బాగా ఎండిన కాయ టిక్కీ (మిర్చి బస్తా) తొక్కేటప్పుడు విరుగుతుంది, విరిగితే రేటు తగ్గిస్తారు. అందుకే సంచి కట్టే ముందు నీళ్లు చల్లే అలవాటు వచ్చింది. యార్డులో గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడించి, గింజల గలగల విని ఎండు తేల్చే అనుభవజ్ఞులు ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవం. అయినా బాగా ఆరిన సరుకుకు, తడి సరుకుకు ఒకటే రేటు ఇస్తున్నంత కాలం ఆ నేర్పు రైతుకు అక్కరకు రాదు. తేమ మీటరు పెట్టి, పోయిన బరువుకు మించి ప్రీమియం ఇస్తే ఆరబెట్టడం దానంతటదే మెరుగవుతుంది. సీజన్‌కు ముందే టార్పాలిన్లు అందిస్తే ఇంకా మంచిది.

పురుగుమందుల విషయమూ అంతే. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగులు తోటలను ఊడ్చేసినప్పుడు రైతులు అప్పు చేసి, కొట్టువాడు ఏ డబ్బా ఇస్తే అది పదేపదే కొట్టారు. వాడకూడని మందుల జాబితా కాయ కోతకు వచ్చాక పంపితే ఏం లాభం? నారు పోయక ముందే గ్రామంలో కూర్చుని చెప్పాలి. కొంటామన్న హామీ కూడా అప్పుడే ఇవ్వాలి. ఇక వెనక్కి పంపిన లాట్ కృష్ణలో కలిసిపోదు. మరొకరు కొంటారు, మన పిల్లలే తింటారు. ఈ ఒక్క కారణం చాలు, ల్యాబ్ రిపోర్టుతో మన బాధ్యత తీరిపోదని చెప్పడానికి.

అపోహ: కమిషన్ ఏజెంట్ బిల్లు ఉంటే ట్రేసబిలిటీ (సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలగడం) ఉన్నట్టే.

బిల్లు ఏజెంట్ పేరు చెబుతుంది, పొలం పేరు చెప్పదు. ఒకే లాట్‌లో నాలుగైదు ఊళ్ల కాయ కలవొచ్చు. 2003లో భారత్ నుంచి వెళ్లిన మిర్చి ఉత్పత్తుల్లో సూడాన్ 1 అనే నిషిద్ధ రంగు బయటపడి యూరప్ అత్యవసర ఆంక్షలు పెట్టింది. అలాంటి రోజున రంగు కలిసింది ఎక్కడో చూపించలేకపోతే నిజాయితీగా పండించిన రైతు కూడా మునుగుతాడు.

అపోహ: చిన్న సప్లయర్ల బిల్లు కట్టడానికి ఉన్న 45 రోజుల గడువు మన అకౌంట్స్‌లో బిల్లు పాసైన రోజు నుంచి మొదలవుతుంది.

కాదు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం సరుకును అంగీకరించిన రోజు నుంచి లెక్క. అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజే అంగీకరించినట్టు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. అసలు ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం కూడా బిగించింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులో కట్టని బిల్లును, నిజంగా కట్టిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపించుకోవాలి.

ఈ రక్షణ సూక్ష్మ, చిన్న తయారీ, సేవా యూనిట్లకే గానీ కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు. రైతుకైతే అసలే లేదు. అయినా చట్టంలో లేదు కదా అని రైతు డబ్బు ఆపడం నాకు అస్సలు సమ్మతం కాదు. ఆటోనగర్‌లో అట్టపెట్టెల యూనిట్‌కు బిల్లు మూడు నెలలు ఆగితే అతను కాగితం అప్పు తెచ్చి కొంటాడు, వడ్డీ కోసం కూలీల జీతం వెనక్కి నెడతాడు. ఆ తర్వాత మనమే వెళ్లి "జీతాలు సమయానికి ఇస్తున్నారా?" అని చెక్‌లిస్టులో టిక్కు పెడతాం.

అపోహ: ఐఎస్ఓ 20400 సర్టిఫికెట్ తెచ్చుకుంటే పని అయిపోతుంది.

2017లో వచ్చిన ఐఎస్ఓ 20400 బాధ్యతాయుత కొనుగోళ్లకు మార్గదర్శకాలు మాత్రమే. దానికి సర్టిఫికేషన్ ఉండదు. సప్లయర్ల దగ్గర పని పరిస్థితులు చూసేందుకు వాడే స్మెటా కూడా ఆడిట్ చేసే పద్ధతే, సర్టిఫికెట్ కాదు. ఎవరైనా అమ్ముతామంటే కొనకండి.

అపోహ: బీఆర్ఎస్ఆర్ (పర్యావరణం, కార్మికుల విషయంలో ఏం చేశారో చెప్పే వార్షిక నివేదిక) లిస్టెడ్ కంపెనీల గొడవ, చిన్న సప్లయర్లకు సంబంధం లేదు.

స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు దీన్ని తప్పనిసరి చేసింది. ఆ కంపెనీలకు అమ్మేవాళ్లకు ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. వాటిని ఇంగ్లిష్ ఎక్సెల్ షీట్‌లో పడేసి పంపకుండా, తెలుగులో, కరెంటు బిల్లు, డీజిల్ బిల్లు చూసి చెప్పగలిగేలా అడగాలి. లేకపోతే వచ్చేవి ఎవరో కూర్చుని నింపిన అంకెలే.

అపోహ: తప్పు దొరికితే వెంటనే సప్లయర్‌ను తీసేయడమే బాధ్యత.

తీసేస్తే ఆ పిల్ల బడికి వెళ్లదు, పక్క షెడ్డుకు వెళ్తుంది. ముందు పిల్లను పనిలోంచి తప్పించి బడిలో చేర్పించాలి. తల్లి రేటు సరిచేయాలి. ఏ తేదీలోగా ఏం మారాలో కాంట్రాక్టర్‌తో రాసుకోవాలి, చెప్పకుండా వెళ్లి చూడాలి. దాచిపెట్టినా, తప్పుడు పుస్తకాలు చూపించినా, మనుషుల్ని అడ్వాన్సులతో కట్టిపడేసి కదలనివ్వకపోయినా కొత్త ఆర్డర్లు ఆపాల్సిందే. అప్పటికే చేసిన పని బిల్లు మాత్రం ఆపకూడదు. దాన్ని ఆపితే ముందు ఆగేది ఆ షెడ్డులో ఆడవాళ్ల కూలి. వీలైతే ఆ మొత్తం వాళ్ల ఖాతాల్లోకే నేరుగా వెళ్లేలా కాంట్రాక్టర్‌తో కాగితం రాయించుకోండి.