నల్గొండ నీళ్లు: తెలిసిన జబ్బుకు ఎనభై ఏళ్ల ఎదురుచూపు

తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని దెబ్బతీస్తోందని మన దేశంలో మొదట బయటపెట్టింది 1937లో. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల నడుములు కొయ్యబారడం చూసి వైద్యులు కారణం వెతికారు. నల్గొండ సంగతి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఇదే ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి లాన్సెట్‌లో రాశారు. అంటే పత్రికల్లో ఫొటోలు రావడానికి చాలా ముందే ఈ జబ్బు పేరు, కారణం, ఊళ్లు అన్నీ తెలుసు. తెలియనిదల్లా నీళ్లు ఎప్పుడొస్తాయన్నదే.

కారణం భూమిలోనే ఉంది. ఇక్కడి గ్రానైట్ రాయిలో ఫ్లోరైడ్ ఎక్కువ. నీరు రాయిలో ఎంతకాలం నిలిస్తే అంత కరిగించుకుంటుంది. చెరువులు, చేదబావులు ఎండి బోర్లు లోతుకు వెళ్లేకొద్దీ ఆ పాత నీరే పైకొచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెలు దానికి ఎన్నో రెట్లు ఎక్కువున్న నీటిని ఏళ్ల తరబడి తాగాయి. కాచి తాగితే పోతుందనుకునే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. కాస్తే నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది.

నీళ్లలోని ఫ్లోరైడ్‌కు విరుగుడు కూడా ఈ జిల్లా పేరుతోనే పుట్టింది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారు చేసిన పద్ధతిని ఈనాటికీ ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, మడ్డి అడుగుకు దిగాక పైనీటిని వడకట్టాలి. ఖర్చు తక్కువే. అయితే ఏ బోరు నీటికి ఎంత పటిక పట్టేదీ ఆ నీటిని బట్టి మారుతుంది, మడ్డిని ఎత్తిపోయాలి, రోజూ ఒక మనిషి దగ్గరుండి చూసుకోవాలి. ఆ ఒక్క మనిషి జీతం ఎవరిదో తేలని చోట ప్లాంట్లు మూతపడ్డాయి.

జిల్లా దక్షిణపు అంచున ఉన్న నాగార్జునసాగర్ నుంచి 1967లోనే కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాల్ని తడిపింది. మెట్టన ఉన్న మునుగోడు, దేవరకొండ పల్లెలకు కృష్ణా నీళ్లు ఎక్కలేదు. ఆ కోపమే 1996 లోక్‌సభ ఎన్నికల్లో బయటపడింది. మంచి నీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో జనం కుప్పలుతెప్పలుగా నామినేషన్లు వేశారు. ఒక్క నల్గొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది దేశమంతటా లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కి పెరిగింది. నీళ్లకంటే ముందు డిపాజిట్ పెంపు వచ్చిందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇంటింటికీ నల్లా కోసం చౌటుప్పల్‌లో పైలాన్ వేసింది 2015 జూన్‌లో. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక, తెలంగాణలో ఫ్లోరైడ్ ఊళ్లు ఇక లేవని 2020లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఇది నిజంగా పెద్ద విజయం, ఒప్పుకోవాలి. కానీ ఆ లెక్క ఊళ్లది. వంగిన ఎముకకు మందు లేదు, నీళ్లు మారినా అది నిటారవదు.

ఈ ఫ్లోరైడ్ జబ్బు పేరు ఫ్లోరోసిస్. అది ఉందో లేదో చూడటానికి వైద్యులు మూడు పనులు చేయమంటారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు తాకాలి, చేతులు తల వెనక్కి పెట్టాలి. జబ్బు ముదిరినవాళ్లకు ఒక్కటీ కుదరదు. అలాంటి మనిషి ఇంటి వెనక సర్కారు సాయంతో నేలబేసిన్ మరుగుదొడ్డి కట్టారనుకోండి, ఆయన దాంట్లో కూర్చునేదెలా? కమోడ్, పట్టుకోవడానికి ఒక కమ్మీ కావాలి. లెక్కల్లో మాత్రం ఆ ఇంటికి మరుగుదొడ్డి ఉన్నట్టే. ప్రతి పూటా ఇంకొకరు పట్టుకుంటే తప్ప లేవలేని నలభై ఏళ్ల మనిషి మనసు ఎలా ఉంటుందో ఏ సర్వేలోనూ కనపడదు. గారపళ్లని నవ్వుతారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు, ఊరి పేరు చెప్పగానే వెనక్కి పోయిన సంబంధాలు కూడా ఈ జబ్బులో భాగమే.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది కూడా 1996లోనే, నాలుగు జిల్లాలతో. 2022 అక్టోబరు నుంచి ఫోన్‌లోనే మానసిక సాయం అందించే టెలీ మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఫ్లోరోసిస్ ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్త చేతికి ఈ నంబరు, ఆ ఇంటికి కమోడ్ రాయించే అధికారం ఇస్తే ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మరోపక్క, పైపు పగిలిన రోజుల్లో ఊరు మళ్లీ బోరు వైపే చూస్తుంది. శాశ్వత దంతాలు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్లలోపే. కాబట్టి నల్లా ఆగిన వారంలో ట్యాంకర్ ముందు వెళ్లాల్సింది అంగన్‌వాడీకి, ప్రాథమిక పాఠశాలకు.