‘రెండూ రక్తం పలచన చేసే మాత్రలేగా, ఒకటి ఆపితే ఏం?’

గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని తీగల గొట్టం) వేయించుకున్నవాళ్లు, ఇంట్లోవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ప్రాణం మీదికి తెచ్చే అపోహ కూడా ఇదే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ రక్తాన్ని పలచన చేయవు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాలు గుంపుకట్టకుండా ఆపుతాయి, అదీ వేర్వేరు చోట్ల. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ లోపల కాక్స్-1 ఎంజైమును దెబ్బతీసి ప్లేట్‌లెట్లను గుంపుకు పిలిచే థ్రాంబాక్సేన్ అనే రసాయనం తయారీని ఆపుతుంది. క్లోపిడోగ్రెల్ ప్లేట్‌లెట్ పైపొర మీద ఉన్న పి2వై12 అనే రిసెప్టర్‌ను (సంకేతాలు అందుకునే చోటును) మూసేస్తుంది. గుంపుకట్టమని సంకేతమిచ్చే ఏడీపీ అణువు, పక్కనే ఉండే పి2వై1 అనే మరో రిసెప్టర్‌ను తాకితే ప్లేట్‌లెట్ ఆకారం మారి గుంపు మొదలవుతుంది. పి2వై12ను తాకితే ఆ గుంపు చెదరకుండా గట్టిపడుతుంది. స్టెంట్ తీగల మీద ఇంకా కణాల పొర కప్పుకోని నెలల్లో క్లోపిడోగ్రెల్ మానేస్తే గడ్డకట్టి స్టెంటే మూసుకుపోవచ్చు. దాన్ని అడ్డుకోవడానికి ఆస్పిరిన్ ఒక్కటే చాలదు.

పన్ను పీకించుకోవాలా? సాధారణంగా మాత్రలు ఆపకుండానే తీస్తారు. ఆ గుంటలో గాజుగుడ్డ పెట్టి గట్టిగా కొరికి పట్టుకోవాలి, అవసరమైతే ఒక కుట్టు వేస్తారు. రక్తం కాస్త ఎక్కువసేపు ఊరుతుంది, అంతే. భయం సహజమే, కానీ గుండె డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానకండి.

‘మందు వారం రోజులు ఒంట్లో ఉంటుందట, రెండు రోజులు మానినా ఫర్వాలేదు.’ ఇది సగం నిజం. క్లోపిడోగ్రెల్‌లో దాదాపు 85 శాతం పనికిరాకుండానే పోతుంది. మిగిలింది కాలేయంలో, ముఖ్యంగా సీవైపీ2సీ19 అనే ఎంజైము ద్వారా, చురుకైన రూపానికి మారి రిసెప్టర్‌లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని శాశ్వతంగా పట్టుకుంటుంది. ఆ ప్లేట్‌లెట్ బతికే 7–10 రోజులూ మూతపడే ఉంటుంది. కానీ రోజూ కొత్తవి పుడుతుంటాయి, వాటికి మూత ఉండదు. పెద్ద ఆపరేషన్‌కు 5 రోజుల ముందు (అదే రకం మందైన ప్రాసుగ్రెల్ అయితే 7) ఆపమనేది అందుకే. అదే రిసెప్టర్ మీద పనిచేసే మరో మందు టికాగ్రెలార్ అసలు శాశ్వతంగా అంటుకోదు. అందుకే 90 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. ఒక పూట మరిచిపోతే తర్వాతి మాత్ర దాని వేళకే వేసుకోండి, రెండూ కలిపి వద్దు.

గ్యాస్ మాత్రలన్నీ ఒకటే కావు. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ సీవైపీ2సీ19ను అడ్డుకుంటాయి, దాంతో క్లోపిడోగ్రెల్ చురుకైన రూపానికి మారడం తగ్గుతుంది. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు పాంటోప్రజోల్ మేలు.

వార్డులో పనిచేసేవాళ్లకు ఒక మాట: అదే రిసెప్టర్‌ను మూసే కాంగ్రెలార్ అనే మందు నరంలోకి ఎక్కుతుండగా క్లోపిడోగ్రెల్ ఇస్తే వృథా. రిసెప్టర్ ఖాళీగా ఉండదు, క్లోపిడోగ్రెల్ చురుకైన రూపం అంతలోనే కరిగిపోతుంది. కాంగ్రెలార్ ఆపిన వెంటనే క్లోపిడోగ్రెల్ 600 మి.గ్రా. ఇవ్వాలి.

ఇక పేరు పి2వై లాగే వినిపించినా, పి2ఎక్స్ రిసెప్టర్ల కుటుంబం వేరు. దీర్ఘకాలిక దగ్గుకు వాడే జెఫాపిక్సంట్ నరాల మీది పి2ఎక్స్3ను అడ్డుకుంటుంది. దాంతో పాటు దాన్ని పోలిన పి2ఎక్స్2/3 రిసెప్టర్ కూడా మూతపడటంతో నాలుకకు రుచి తగ్గుతుంది.