కాలువ కట్టేసేలోపు

చిరంజీవులు హర్షితకు, అభిరామ్‌కు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో హర్షిత అడిగిన ప్రశ్నకు నేను అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. "చిన్నతాతయ్యకు కడుపులో అంత పెద్ద ఆపరేషను చేస్తారు కదా, మంచం మీద పడుకుని విశ్రాంతి తీసుకోవాలి గాని, డాక్టర్లు ఆయన చేత సైకిలు ఎందుకు తొక్కిస్తున్నారు?" అని అడిగావు. ఇంట్లో పెద్దవాళ్లం కూడా మొదట అలాగే అనుకున్నాము. చిన్నమామ్మ అయితే ఆయనను గుమ్మం దాటనివ్వకుండా రెండు రోజులు కాపలా కాసింది. ఈ ఉదయం పంచాయతీ మైకులో, వచ్చే వారం కాలువ కట్టేస్తున్నారని, అంటే నీళ్లు ఆపేస్తున్నారని చెప్పారు. ఆ మాట చెవిన పడగానే, నీకు ఎలా చెప్పాలో నాకు తోచింది.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి గోదావరి నీరు కాలువల వెంట మన ఊళ్లకు వస్తోంది. ఏటా ఎండాకాలంలో దాళ్వా పంట చేతికి వచ్చాక, గట్లూ లాకులూ బాగుచేసుకోవడానికి కొన్ని వారాలు కాలువలు కట్టేస్తారు. నీళ్లు పారుతుండగా ఆ పనులు సాగవు గదా. ఆ వారాలన్నీ ఊరు ఊరంతా బతకవలసింది మంచినీళ్ల చెరువు మీదనే కనుక, కాలువ కట్టేసేలోపు దానిని అంచుల దాకా నింపుకుంటాము.

మన ఒంట్లోనూ అలాంటి పెద్ద కాలువ ఒకటి ఉంది. దాని పేరు బృహద్ధమని. అది గుండె దగ్గర బయలుదేరి, ఛాతీలోనుంచి దిగి, పొట్టలో వెన్నెముకకు ముందుగా సాగి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లకు పోతుంది. పొట్టలో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు ఉంటుంది. చిన్నతాతయ్యకు ఒకచోట దాని గోడ బలహీనపడి 5.7 సెంటీమీటర్లకు ఉబ్బింది. డాక్టర్లు దీనిని ఎన్యూరిజమ్ అంటారు. మగవాళ్లలో ఉబ్బు 5.5 సెంటీమీటర్లకు చేరితే గండి పడక ముందే ఆపరేషను చేయించుకోవడం గురించి ఆలోచించమని చెబుతారు. చాలామందికి ఏ నొప్పీ ఉండదు. ఆయనకు కూడా మూత్రపిండాల్లో రాళ్ల కోసం తీసిన స్కానింగులో ఇది బయటపడింది. పొగతాగడం దీనికి అతి పెద్ద కారణాలలో ఒకటి. ఆయన నలభై ఏళ్లు చుట్ట కాల్చాడు, ఆ స్కానింగు రోజునే మానేశాడు. నాకు తమ్ముడి మీద ఎంత ప్రేమ ఉన్నా, ఈ మాట మీకు దాచకుండా చెప్పడమే న్యాయం. మీరు పాఠంలో చదువుకున్న ఐన్‌స్టీన్‌కూ ఇదే జబ్బు. 1948లో ఆయన ధమనికి సెల్లోఫేన్ చుట్టి గట్టు కాపాడారు. 1955లో అది తెగినప్పుడు ఆయన మళ్లీ ఆపరేషనుకు ఒప్పుకోలేదు.

ఇప్పుడు చేసే ఆపరేషనులో ఉబ్బుకు ఎగువన ధమనిని పట్టుకారు వంటి పరికరంతో బిగించి రక్తాన్ని ఆపుతారు. ఆ తరువాత ఉబ్బిన భాగంలో పాలిస్టరు గొట్టాన్ని కుట్టి మళ్లీ రక్తం వదులుతారు. అటువంటి గొట్టాలను మొదట్లో, 1950లలో, హ్యూస్టన్ నగరంలో డిబేకీ అనే డాక్టరు తన భార్య కుట్టుమిషను మీద స్వయంగా కుట్టి చూశాడు. తొడ దగ్గరి రక్తనాళం గుండా గొట్టాన్ని లోపలికి పంపే పద్ధతి కూడా ఉంది గాని, చిన్నతాతయ్య ఉబ్బు ఆకారానికి అది కుదరదన్నారు. కాలువ కట్టేసినంతసేపు కాళ్లకు రక్తం సరిగా అందదు. వదిలిన క్షణాన గుండె తడబడవచ్చు. ఆ తరువాత కొన్ని రోజులు గాయం మానడానికీ, జబ్బు సోకకుండా కాచుకోవడానికీ ఒళ్లు మామూలు కన్నా చాలా ఎక్కువ ప్రాణవాయువు అడుగుతుంది. ఆ అవసరానికి గుండె, ఊపిరితిత్తులు, కండలు కలిసి అందించగలిగే నిలవే మన చెరువు.

చెరువు లోతు తెలుసుకోవడానికి ఆయనను కదలని సైకిలు మీద కూర్చోబెట్టి, ముక్కుకూ నోటికీ మాస్కు తగిలించి, బరువు పెంచుతూ తొక్కించారు. కండలు తమకు అందే ప్రాణవాయువు చాలక ఇబ్బంది పడడం మొదలుపెట్టే హద్దు ఒకటి ఉంటుంది. ఆ హద్దు దగ్గర ఒంటి బరువులో కిలోకు నిమిషానికి 11 మిల్లీలీటర్ల కన్నా తక్కువ ప్రాణవాయువు వాడుతున్నవారికి పెద్ద ఆపరేషనులో ప్రమాదం ఎక్కువని లెక్క. చిన్నతాతయ్యకు తొమ్మిదిన్నర వచ్చింది. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నప్పుడు ఆయనను చూస్తే ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుందా?

చెరువు సంగతీ అంతే. నాకు పదేళ్లు, మీ చిన్నతాతయ్యకు ఎనిమిదేళ్లు ఉన్న ఏడాది, ఊళ్లో ఏవో తగాదాలు వచ్చి చెరువు పూడిక తీయలేదు. అయినా నీళ్లు నింపారు. ఎప్పటిలాగే నిండుగా, పై మెట్టు దాకా కనిపించింది. కాలువ కట్టేసిన మూడో వారానికి అడుగున బురద తేలింది. మా అమ్మ, అంటే మీ ముత్తవ్వ, పొరుగూరు నడిచి వెళ్లి రెండు బిందెలు తెచ్చేది. మరుసటి ఏడు మగవాళ్లంతా పారలతో దిగి అడుగు మట్టిని తవ్వి పోశారు. మేమిద్దరం ఒకే తట్టను చెరోవైపు పట్టుకుని గట్టు మీదికి మోశాము. రాత్రి భుజాలు లాగుతుంటే పక్కపక్కనే పడుకుని, ఈసారి నీళ్లు తగ్గవు కదా అని ఒకరినొకరు అడిగాము.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. మన ఊరి చెరువును మనుషులు దిగి తవ్వాలి. తోడితే దానిలో నీళ్లు తగ్గుతాయి. ఒంటి చెరువు అలా కాదు. పద్ధతిగా తోడుతూ, నడుమ విశ్రాంతి ఇస్తే, అది తనను తాను లోతు చేసుకుంటుంది. కండల్లో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు కొత్తగా పుడతాయట, గుండె ఒక్కొక్క దెబ్బకు మరికాస్త రక్తం పంపుతుందట. డెబ్బై రెండేళ్ల ముసలి ఒంటికి కూడా కొద్ది వారాల్లో ఇది జరుగుతుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు, నేను నా చేతులను నేనే కాసేపు చూసుకుంటూ కూర్చున్నాను. ఎందుకు జరుగుతుందో పూర్తిగా చెప్పేటంత చదువు నాకు లేదు. మంచం మీద పడుకుంటే మాత్రం రోజుల్లోనే కండ కరిగిపోతుంది, చెరువు పూడుకుపోతుంది.

ఇంగ్లండులోని హల్ నగరంలో ఇటువంటి ఆపరేషనుకు వేచి ఉన్న 124 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత ఆరు వారాలు, వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. చేసిన 62 మందిలో 14 మందికి, చేయని 62 మందిలో 26 మందికి ఆపరేషను తరువాత గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాల ఇబ్బందులు వచ్చాయి. మిగిలిన పరిశోధనలు చిన్నవి, అన్నీ ఇంత గట్టిగా చెప్పలేదు. అయినా చేతిలో ఆరు వారాలు ఉన్నప్పుడు వాటిని మంచానికి అప్పగించడం నాకు తప్పనిపిస్తుంది.

చిన్నతాతయ్య వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో రక్తపోటు చూపించుకుంటూ సైకిలు తొక్కుతాడు, మెట్టు ఎక్కి దిగుతాడు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చుంటాడు. ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తడం మాత్రం ఆయనకు పనికిరాదు. పలచబడిన గట్టు మీద ఒత్తిడి పడుతుంది. అందుకే ఇదంతా డాక్టర్ల కనుసన్నల్లోనే జరుగుతుంది. మిగతా రోజుల్లో తెల్లవారుజామున మన చెరువు గట్టు చుట్టూ నడుస్తాడు. మొదటి రోజు రెండు చుట్లకే కూర్చుండిపోయాడు. నిన్న నాలుగు తిరిగాడు.

సెలవులకు రాగానే మీరిద్దరూ ఎండ రాకముందే ఆయనతో నడవండి. నడుస్తూ ఏదైనా కథ చెప్పమనండి. మాటలు వస్తూ, పాట పాడడానికి మాత్రం ఊపిరి చాలకపోతే నడక సరిగా ఉన్నట్టు. మాట కూడా తెగుతుంటే మెల్లగా నడవమనండి. నొప్పి అంటే అక్కడే ఆపి నన్ను పిలవండి. వచ్చేటప్పుడు ఒక బొగ్గుముక్క తెచ్చుకోండి. చెరువు మెట్ల పక్క గోడ మీద, ఆ రోజు నీళ్లు ఎంతవరకు దిగాయో ఒక గీత గీసి, దాని పక్కనే చిన్నతాతయ్య ఎన్ని చుట్లు తిరిగాడో రాయండి. కాలువ వదిలే రోజు దాకా ఆ గోడ మీద రోజూ రాస్తూ ఉండండి.

ప్రేమతో,
మీ తాతయ్య