ఆ బేస్ చేసింది ఎవరు?

వయొలిన్‌లా కనిపించే డబుల్ బేస్ (చిన్నగా ‘బేస్’) మనిషి ఎత్తును మించిన తీగ వాయిద్యం. కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా నిలబెట్టి, దాని పై పలకను దగ్గరగా చూడండి. తేనెరంగు వార్నిష్ కింద, దువ్వెనతో దువ్వినట్టు నిలువునా సన్నని గీతలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల గీతకీ గీతకీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. కొన్నిచోట్ల ఒకదాన్నొకటి ఆనుకుని నడుస్తాయి. చెట్టు ఏ ఏడాది ఎంత పెరిగిందో రాసిపెట్టిన లెక్క అది. పాత వాయిద్యాల విషయంలో ఎంత పెద్ద పేరున్న నిపుణుడి మాట కన్నా ముందు నేను ఈ గీతల మాటే వింటాను. ఎందుకో చెప్పడానికి ఒక్క వాయిద్యం కథ చాలు.

రష్యాలో పుట్టి, తర్వాత 1924 నుంచి 1949 దాకా అమెరికాలోని బోస్టన్ సింఫనీ వాద్యబృందాన్ని నడిపిన సెర్గీ కుసెవిట్‌స్కీ తొలుత గొప్ప బేస్ విద్వాంసుడు. ఆయన వాయించిన బేస్‌ను ఆయన భార్య ఓల్గా, భర్త పోయాక, గ్యారీ కార్ అనే యువ కళాకారుడికి ఇచ్చేశారు. అది 1962. ఆ బేస్ ఇటలీలోని క్రెమోనాలో 1611లో తయారైందని, చేసినవాళ్లు అమాటి సోదరులు ఆంటోనియో, జిరోలామో అని అందరూ నమ్మారు. వయొలిన్ల చరిత్రలో అమాటిల ఇంటిపేరుకు ఉన్న విలువ అంతా ఇంతా కాదు. కాబట్టి ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

నలభై ఏళ్లు గడిచాక అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రి గ్రిస్సినో-మేయర్ బృందం ఆ పై పలక మీది గీతలను కొలిచింది. మొత్తం 317 వలయాలు. వలయాలను ఊరికే లెక్కపెడితే చెట్టు వయసు తెలుస్తుందే కానీ, అది ఏ కాలంలో బతికిందో తెలియదు. అసలు కిటుకు వాటి వెడల్పులో ఉంది. ఇలాంటి పలకలకు వాడే స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు ఐరోపాలోని ఆల్ప్స్ కొండల్లో వేసవిలోనే పెరుగుతుంది, చలికాలంలో పూర్తిగా ఆగిపోతుంది. వేసవి మొదట్లో లేతరంగు చెక్క, చివర్లో ముదురు చెక్క పేరుస్తుంది. మనకు గీతలా కనిపించేది ఆ ముదురు చెక్కే. వేసవి బాగుంటే వలయం వెడల్పుగా, చల్లగా గడిస్తే సన్నగా వస్తుంది. ఆ చలి ఒక్క చెట్టుకే తగలదు, కొండమీది చెట్లన్నిటికీ తగులుతుంది. అందుకే ఒక ప్రాంతంలోని చెట్లన్నిటిలో వెడల్పు, సన్నం ఒకే వరుసలో వస్తాయి. మూడు వందల ఏళ్ల పొడవున్న అలాంటి వరుస మరో కాలంలో అచ్చం అలాగే మళ్లీ వచ్చే అవకాశం దాదాపు లేదు.

అలాంటి వరుసలను శాస్త్రవేత్తలు ఇప్పుడున్న చెట్ల నుంచి పాత ఇళ్ల దూలాల దాకా కలుపుకుంటూ వందల ఏళ్ల వెనక్కి పేర్చిపెట్టారు. ఆ బేస్ మీది వరుస పశ్చిమ ఆస్ట్రియాలోని ఓబర్‌గుర్గల్ వరుసతో సరిగ్గా కుదిరింది. మొదటి వలయం 1445లోది, చివరిది 1761లోది.

అంటే 1761లో ఆ చెట్టు ఇంకా కొండమీద నిలబడే ఉంది. జిరోలామో అమాటి 1630లోనే పోయాడు. పలక అంచులు చెక్కేటప్పుడు పోయిన వలయాలు, కొట్టాక చెక్క ఆరడానికి పట్టిన ఏళ్లు కూడా కలిపితే, ఆ బేస్ పుట్టింది 1761 కన్నా ఇంకా తర్వాతే. మరో సంగతి కూడా నన్ను చాలా ఆలోచింపజేసింది. అన్న ఆంటోనియో 1607లోనే చనిపోయాడు, అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు ఇద్దరి పేర్లతోనే లేబుళ్లు, అంటే వాయిద్యం లోపల అంటించే తయారీదారు పేరు చీటీలు, వచ్చాయి. అసలు సిసలు లేబుల్ కూడా ఆ వాయిద్యాన్ని చేసిన చెయ్యి ఎవరిదో కచ్చితంగా చెప్పదన్నమాట. జర్మనీలోని మార్క్‌న్యూకిర్చెన్, ఫ్రాన్స్‌లోని మిరెకోర్ట్ లాంటి ఊళ్లలో పెద్ద ఎత్తున తయారైన వాయిద్యాల్లో ఇటలీ పెద్దల పేర్లతో అంటించిన లేబుళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి.

మన బొబ్బిలి వీణకు ఈ పద్ధతి పనికిరాదు. అది పనసచెక్క. మన వేడిలో పనస పెరుగుదల ఆల్ప్స్ చెట్టులా ఏటా ఆగి మొదలవదు, వలయాలు స్పష్టంగా పడవు. టేకు మాత్రం ఎండాకాలంలో ఆకు రాల్చి ఆగుతుంది కనుక దానిలో వలయాలు చక్కగా కనిపిస్తాయి.

అయితే వలయాలు ‘ఫలానావాడు కాదు’ అని చెప్పగలవు, ‘ఫలానావాడే’ అని చెప్పలేవు. అక్కడి నుంచి చేతిపనిని చదవాలి. ఎఫ్ ఆకారపు రంధ్రం లోంచి చిన్న అద్దం, లైటు పెట్టి లోపల చూస్తారు. మూలల్లో దిమ్మలు ఉన్నాయా, లేక ఉన్నట్టు కనిపించడానికి పెట్టిన బోలు ముక్కలా? పక్కల వెంట అంటించిన సన్నని బద్దీలు దిమ్మలోకి గాడి కోసి దిగాయా, దిమ్మ దగ్గరే ఆగిపోయాయా? క్రెమోనా పనివాళ్లు గాడి కోసి దింపేవారు. బయటి రూపాన్ని ఎవరైనా అనుకరించవచ్చు. కానీ ఎవరూ చూడని చోట మనిషి తనకు అలవాటైన తీరులోనే పని చేస్తాడు. అందుకే లోపలి పని మీద నాకు నమ్మకం ఎక్కువ.

బేస్‌తో చిక్కేమిటంటే, అది అరుదుగా ఒకే మనిషి పనిగా మిగులుతుంది. బరువైన వస్తువు కాబట్టి ప్రయాణాల్లో పడుతుంది, పగులుతుంది, అతుకులు పడతాయి. వాయించడానికి వీలుగా ఉండాలని పెద్ద బేస్‌లను కోసి చిన్నవి చేశారు. పంతొమ్మిదో శతాబ్దపు ఇటలీ, ఇంగ్లండ్‌లలో మూడు తీగల బేస్‌లు మామూలు. తర్వాత వాటికి నాలుగో తీగ చేర్చారు. తల దగ్గర చెక్కముక్కతో పూడ్చిన పాత బిరడా రంధ్రం కనిపిస్తే ఆ మార్పు జరిగిందని గుర్తు. మెడ ఒకరిది, తల వేరొకరిది, పై పలక ఇంకొకరిది అయిన బేస్‌లు కూడా ఉన్నాయి. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నను అప్పుడు ఒక్కో ముక్కకూ విడిగా అడగాలి.

వలయాలు కొలిచిన ఆ వాయిద్యాన్ని గ్యారీ కార్ తర్వాత అంతర్జాతీయ బేస్ కళాకారుల సంఘానికి ఇచ్చేశారు. ఇప్పుడు దాన్ని అమాటి అనరు, కార్-కుసెవిట్‌స్కీ బేస్ అంటారు. వాయించిన ఇద్దరి పేర్లూ అందులో ఉన్నాయి. చేసినవాడి పేరు ఇంకా దొరకలేదు.